కొండగాలి కోసం దొరల వేట

మన్యంలో ఉద్యోగం పడిందంటే మైదానపు తెలుగు కుటుంబాలు ఒకప్పుడు బెంబేలెత్తేవి. ఏజెన్సీ గాలి సోకితేనే జ్వరం వస్తుందని, అక్కడి వాగు నీళ్లు ఒంటికి పడవని నమ్మకం. అది వట్టి పిరికితనం కాదు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకోవడానికి కొండలెక్కిన గిడుగు రామమూర్తిని మలేరియా పట్టుకుంది. విరుగుడుగా మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. సవరల మాటలు విని, రాసుకుని, వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన పండితుడు అదే కొండల్లో చెవులు పోగొట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో మరో మూల ఇంగ్లీషు దొరలు జ్వరం వదిలించుకోవడానికి కొండలెక్కుతున్నారు. ఒకరు జబ్బు తెచ్చుకునే చోటికి ఇంకొకరు ఆరోగ్యం కోసం పోవడం వింతగానే ఉంటుంది. మంచి వాతావరణం ఏదన్న ప్రశ్నకు ఒక్కో కాలం తన భయాలను బట్టి, ఒక్కో వర్గం తన తాహతును బట్టి జవాబు చెప్పుకుంటూ వచ్చింది. ఊటీ కథ అందుకు మంచి సాక్ష్యం.

1818లో విష్, కిండర్స్‌లీ అనే ఇద్దరు కుర్ర అధికారులు నీలగిరులెక్కి, చలి వేసే చోటు ఉందన్న కబురు కిందికి మోసుకొచ్చారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఆ మాట విని 1819 జనవరిలో తానే బయలుదేరాడు. దొరలకు అది కొత్త చోటే కానీ, తోడా, బడగ, కోట జాతులవాళ్లు తరతరాలుగా కాపురముంటున్న నేల అది. తోడాల దగ్గర ఎకరం రూపాయి లెక్కన భూమి కొని, 1822లో సల్లివన్ అక్కడ రాతి ఇల్లు మొదలుపెట్టాడని చెబుతారు. చెరువు తవ్వించాడు. ఇంగ్లండు కూరగాయలు, పండ్ల చెట్లు తెప్పించి నాటించాడు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు పదకొండు డిగ్రీల దూరంలో, తను వదిలి వచ్చిన దేశాన్ని మళ్లీ పుట్టించాలన్నదే ఆయన పట్టుదల.

మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1826లో ఊటీ వచ్చి చూశాడు. అంతకు ముందు దత్త మండలాల కలెక్టరుగా ఏడేళ్లు కడప, బళ్లారి ప్రాంతాల ఎండల్లో గుర్రం మీద, గుడారాల్లో తిరిగిన మనిషి ఆయన. అలాంటివాడికి ఈ చలి ఎంత హాయినిచ్చి ఉంటుందో రాయలసీమ వాసులకు చెప్పనక్కర్లేదు. అయినా ఆయన కొండ మీద ఉండిపోలేదు. సెలవు తీసుకుని స్వదేశం వెళ్లేముందు తన పాత జిల్లాలను ఒక్కసారి చూసి రావాలని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

మైదానంలో ఇంగ్లీషువాళ్ల భయమంతా ఇలాంటి చావుల గురించే. మలేరియా, కలరా, రక్త విరేచనాలు ఎందుకొస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. కుళ్లిన ఆకుల నుంచి, తడి నేల నుంచి లేచే విషపు గాలే కారణమని ఐరోపా వైద్యులు నమ్మేవారు. గాలే రోగమైనప్పుడు ఇంకో గాలే మందు కావాలి. భారతదేశంలోని ఇంగ్లీషు సైనికుల ఆరోగ్యం మీద 1863లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్, ఏటా వెయ్యిమందికి 69 మంది చనిపోతున్నారని లెక్క తేల్చింది. సైన్యంలో కొంత భాగాన్ని కొండల మీద ఉంచాలన్న వాదనకు దీనితో బలం చేకూరింది. అప్పటికే కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లో బారకాసులు లేచాయి. సైనికుల పిల్లల కోసం 1858లో నీలగిరుల్లోనే లారెన్స్ స్కూలు మొదలైంది.

కొండగాలి నిజంగా మందైతే సల్లివన్ కుటుంబానికే ముందు పనిచేసి ఉండాలి. ఆయన భార్య హెన్రియెట్టా, కూతురు 1838లో ఊటీలోనే చనిపోయారు. సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆవరణలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చర్చి కప్పుకు వాడిన దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు విప్పి తెచ్చినవి. ఏనుగులతో ఆ కలపను ఘాట్లు ఎక్కించారు.

రోడ్లు సరిగా లేని కాలంలో దొరలు కొండెక్కింది బోయీల భుజాల మీదనే. 1834లో మెకాలే భారతదేశంలో అడుగుపెట్టగానే, ఊటీలో విశ్రాంతి తీసుకుంటున్న గవర్నర్ జనరల్ బెంటింక్‌ను కలవడానికి మద్రాసు నుంచి పల్లకీలో వెళ్లాడు. తర్వాత ఎడ్లబండ్లు, టాంగాలు వచ్చాయి. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో రైలు చేరింది. మొత్తం దూరం 46 కిలోమీటర్లు. పన్నెండు అడుగులు సాగితే ఒక అడుగు ఎక్కే వాలులో చక్రాలు జారకుండా పట్టాల నడుమ పళ్ల కమ్మీ బిగించారు. 2005లో యునెస్కో ఈ రైలు మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనుషులతో పాటు ప్రభుత్వమే కొండెక్కడం అసలు విడ్డూరం. వైస్రాయ్ జాన్ లారెన్స్ 1864లో సిమ్లాను వేసవి రాజధానిగా చేశాడు. మద్రాసు ప్రభుత్వానికి ఊటీ ఆ స్థానంలో నిలిచింది. వేసవి రాగానే గవర్నరు, కార్యదర్శులు, గుమాస్తాలు, కాగితాల కట్టలు అన్నీ సెయింట్ జార్జి కోట వదిలి నీలగిరులకు తరలేవి. గంజాం నుంచి తిరునల్వేలి దాకా విస్తరించిన ప్రెసిడెన్సీకి అప్పుడు ఊటీయే కేంద్రం. విశాఖ జిల్లా రైతు పెట్టుకున్న అర్జీ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మళ్లీ రెండు వేల మీటర్లు పైకెక్కాల్సిందే. ఈ ఖర్చు, ఈ దూరం మీద దేశీయ నాయకులు ఎన్నో ఏళ్లు విమర్శలు గుప్పించారు. 1921లో వైస్రాయ్ రీడింగ్‌ను కలవడానికి సిమ్లా వెళ్లి వచ్చిన గాంధీ, ఈ ప్రభుత్వం అయిదువందలవ అంతస్తులో కూర్చుని కింద ఉన్నవాళ్లను ఏలుతోందని ఎద్దేవా చేశాడు.

దొరలు వెళ్లిన చోటికి సంస్థానాధీశులూ వెళ్లారు. నిజాంకు ఊటీలో సెడార్స్ బంగ్లా ఉండేది. వేసవిలో గవర్నరు తేనీటి విందుకు పిలుపు అందడం జమీందార్ల హోదాకు కొలబద్ద అయింది. ఆటలూ, వేటలూ, నాట్యాలూ సరేసరి. నెవిల్ చాంబర్లెన్ అనే సైనికాధికారి జబల్‌పూరులో పుట్టించిన స్నూకర్ ఆటకు 1882లో ఊటీ క్లబ్బులోనే నిబంధనలు రాసి గోడకు తగిలించారు. చల్లగాలి అనేది ఆరోగ్య విషయంగా మొదలై అంతస్తుకు గుర్తుగా మారింది.

ఇది ఒక్క ఇంగ్లీషువాళ్ల పిచ్చే అనుకోకూడదు. వియత్నాంలో ఫ్రెంచివాళ్లు ఏలుతున్నప్పుడు అలెగ్జాండర్ యెర్సిన్ అనే వైద్యుడు 1893లో లాంగ్ బియాంగ్ పీఠభూమిని చూసి వచ్చాడు. ఆయన సూచన మీదే దలాత్ నగరం వెలిసింది. ఫిలిప్పీన్స్‌ను పట్టుకున్న అమెరికన్లు బాగియో కొండల్లో వేసవి రాజధాని కట్టుకోవడానికి షికాగో వాస్తుశిల్పి డేనియల్ బర్న్‌హామ్ చేత పటం గీయించారు. ఉష్ణదేశాలను ఏలవచ్చిన ప్రతి తెల్లజాతీ అక్కడ తన ఊరిలాంటి కొండ ఒకటి వెతుక్కుంది.

తెలుగునాట ఆ పని చేసినవాడు కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద 1870 ప్రాంతంలో వేసవి బంగ్లా కట్టించుకున్నాడు. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు కాచాయన్న కథతో కొండకు ఆ పేరు. బంగ్లా కట్టిన దొర పేరు మాత్రం పటాల్లోకెక్కింది. నాలుగు వేల అడుగులు దాటిన ఈ కొండ మీద మే నెలలోనూ రాత్రిపూట దుప్పటి కావాలి. అక్కడి యూకలిప్టస్ మానును 1859లో నాటారని చెబుతారు. నీలగిరుల్లోనూ ఇదే కాలంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన యూకలిప్టస్, తుమ్మ జాతి వాటిల్ చెట్లు విరివిగా నాటారు. చలి కాచుకోవడానికి కట్టెలు కావాలి కదా! ఆ కట్టెల కోసం తోడాల గేదెలు మేసే గడ్డి కొండలు తోటలైపోయాయి. వాగులకు ఊటనిచ్చిన గడ్డినేలలు తరిగిపోయాయి. ఆ పరాయి చెట్లను తొలగించే పని నేటికీ సాగుతోంది.

ఇంతకీ ఏజెన్సీ కొండ జ్వరమివ్వడమేమిటి, ఊటీ కొండ దాన్ని మాన్పడమేమిటి? జవాబు సికింద్రాబాద్‌లో దొరికింది. సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరిశీలించి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే ఆ రోగికి కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన ఇచ్చాడు. చిత్రమేమంటే, ఆ ఏడాది వేసవిలోనే సెలవు మీద నీలగిరులకు వెళ్లిన రాస్‌కు ఊటీ కింది సీగూరు ఘాట్‌లో స్వయంగా మలేరియా సోకింది. తప్పు గాలిది కాదని, దోమదని తేలిపోయింది. ఊటీ ఎత్తున ఆ చలికి పరాన్నజీవి దోమ కడుపులో ఎదగలేదు. మన్యం కొండల్లో చాలా ఊళ్లు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. ఆ వెచ్చదనం, అక్కడి వాగులు దోమకు హాయి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దొరలు మాత్రం కొండెక్కడం మానలేదు. అలవాటుకు శాస్త్రంతో పనేముంది?

జ్వరం భయం తగ్గుతుండగా క్షయ భయం ముందుకొచ్చింది. స్విట్జర్లాండులోని దావోస్‌లో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడు, ఆ లోయలోని జనానికి క్షయ అంతగా రావడం లేదని గమనించాడు. 1865 చలికాలంలో తొలి రోగులు అక్కడికి చేరారు. కొద్ది దశాబ్దాల్లో ఆ పల్లె ఐరోపా క్షయరోగుల రాజధాని అయింది. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1880 నుంచి వరుసగా రెండు చలికాలాలు అక్కడ గడిపాడు. మంచులో ఎక్కువకాలం ఇమడలేక, ఆఖరికి దానికి పూర్తిగా విరుద్ధమైన పసిఫిక్ దీవి సమోవాలో ఇల్లు కట్టుకున్నాడు. ఉక్కపోతల మధ్య అక్కడే 1894లో చనిపోయాడు. తత్వవేత్త నీషే తలనొప్పులు తగ్గే గాలి కోసం వేసవిలో స్విస్ కొండల్లో, చలికాలంలో నీస్ సముద్రతీరంలో ఏళ్ల తరబడి అద్దె గదుల్లో తిరిగాడు. ఒక్కో ఒంటికి ఒక్కో గాలి పడుతుందని ఆ కాలపు రోగులంతా నమ్మారు. స్థోమత ఉన్నవాళ్లు మారుస్తూ పోయారు.

దావోస్ వైద్యం తెలుగునాటికి ఆరోగ్యవరం రూపంలో వచ్చింది. మదనపల్లె దగ్గర పొడి గాలి, ఒక మాదిరి ఎత్తు, దుమ్ము తక్కువగా ఉండే చోటు చూసి క్రైస్తవ మిషన్లు కలిసి శానిటోరియం కట్టాయి. 1915లో మొదలైన ఆ ఆసుపత్రిని డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దీర్ఘకాలం నడిపాడు. మంచి తిండి, పూర్తి విశ్రాంతి, వరండాల్లో మంచాలు, నిండుగా గాలి, ఇదీ వైద్యం. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టేది. మద్రాసు ప్రెసిడెన్సీ నలుమూలల నుంచి రోగులు వచ్చేవారు. అటు తెలంగాణలో వికారాబాద్ పక్కన అనంతగిరి అడవుల్లోనూ ఇలాంటి క్షయ ఆసుపత్రే వెలిసింది. ఆ కొండ చెట్ల గాలికి ఊపిరితిత్తులు బాగుపడతాయని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు.

ఈ నమ్మకానికి కూడా ముగింపు దక్షిణాదిలోనే, అదీ ఉక్కపోతకు పేరుపడ్డ మద్రాసులోనే జరిగింది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం దాదాపు రెండొందల మంది పేద రోగులను రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టును శానిటోరియంలో చేర్చి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. రెండో జట్టు తమ ఇరుకు ఇళ్లలోనే, అరకొర తిండితోనే ఉంటూ అవే మందులు ఏడాదిపాటు వాడింది. 1959లో వెలువడిన ఫలితాలు చూస్తే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు అంటుకోనూ లేదు. నయం చేసింది మందే, కొండగాలి కాదు. భారత ప్రభుత్వం 1962లో క్షయ నివారణ కార్యక్రమాన్ని ఇంటి దగ్గరి చికిత్స పునాదిగానే మొదలుపెట్టింది. ప్రపంచమంతటా శానిటోరియాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆరోగ్యవరం మామూలు ఆసుపత్రిగా మారింది. దావోస్ మంచు ఆటల ఊరైంది.

ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, నాగరికతకు కూడా ఒక సరైన వాతావరణం ఉంటుందన్న వాదన మేధావుల్లో బలంగా ఉండేది. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ భూమిని ఏడు మండలాలుగా విభజించి, నడుమ ఉన్న మూడింటిలోనే మనుషులు శాస్త్రాల్లో, కళల్లో రాణిస్తారన్నాడు. తన మగ్రిబ్ దేశాన్ని ఆ మంచి మండలాల్లోనే చేర్చుకున్నాడు. 1915లో అమెరికాలోని యేల్ ఆచార్యుడు ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ ఇదే మాటను అంకెలతో చెప్పాడు. కనెటికట్ ఫ్యాక్టరీ కూలీల దినసరి పని, సైనిక కళాశాల విద్యార్థుల మార్కులు పోగేసి, ఒంటి పనికి 18 డిగ్రీల సెల్సియస్ దాకా, బుద్ధి పనికి సుమారు నాలుగు డిగ్రీలు మేలని తేల్చాడు. రుతువులు మారుతూ, తుపాను గాలులు తరచూ వీస్తూ ఉండాలట. ఇంకేముంది, ఆయన ఉండే న్యూ ఇంగ్లండు ప్రాంతం మేలైన వాతావరణ పటంలో పైవరుసలో నిలిచింది. ఎవరి ఊరి గాలి వాళ్లకు తీపి. ఆయన దాన్ని లోకానికి కొలమానం చేశాడు.

తెలుగు పల్లెలు ఈ చర్చల జోలికి పోకుండా తమ ఎండతో తామే సర్దుకున్నాయి. కోస్తాలో మండువా లోగిలి కట్టి నడుమ ఆకాశానికి దారి వదిలారు. వేడి గాలి పైకి పోయేది, వాన నీరు లోపలికి దిగేది. మట్టి గోడలు, తాటాకు కప్పు, వట్టివేళ్ల తడకల మీద నీళ్లు, పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి ఆరుబయట నులక మంచం, దారి పక్కన చలివేంద్రం. అందరికీ ఇవన్నీ దక్కలేదు. ఎండలో కోత కోసే కూలీకి మండువా లోగిలి లేదు. దొర గదిలో పంకా లాగే మనిషికి ఆ గాలి తగలదు. అయినా రోహిణి కార్తెలో ఊరు వదిలి పోవాలన్న ఆలోచన మాత్రం ఇక్కడ పుట్టలేదు.

అది పుట్టింది ఈ మధ్యనే. విశాఖ నుంచి కిరండోల్ వైపు 1960లలో వేసిన రైలు మార్గం ఉద్దేశం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడం. ఆ దారిలోనే అరకు జనానికి అందింది. ఇప్పుడు చలికాలం శని, ఆదివారాల్లో అరకు రైలులో, కొండ రోడ్ల మీద చోటు దొరకదు. చింతపల్లి దగ్గరి లంబసింగి మంచును చూడటానికి తెల్లవారుజామున నాలుగింటికే కార్లు బారులు తీరతాయి. తాతలు పేరు వింటేనే జడుసుకున్న మన్యానికి మనవలు డబ్బు పెట్టి వెళుతున్నారు. ఆ కొండల్లో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీల్లో మోసుకుంటూ దించుతున్నారన్న వార్తలు మాత్రం పత్రికల్లో ఆగడం లేదు. అప్పుడు డోలీ దొరను పైకి తీసుకెళ్లింది, ఇప్పుడు గిరిజనుడిని కిందికి తెస్తోంది. చల్లగాలి అందరికీ ఒకటే కావచ్చు, దాని పక్కన ఆసుపత్రి ఉండటం వేరే సంగతి.

ఊటీ చల్లదనానికీ ఇప్పుడు గ్యారంటీ లేదు. 2024 ఏప్రిల్ నెలాఖరులో అక్కడ 29 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఏడు దశాబ్దాల్లో అంత వేడి ఎప్పుడూ లేదు. వేసవిలో ఎక్కే వాహనాలను కొండ భరించలేకపోతోందని మద్రాసు హైకోర్టు చెప్పడంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో ఆరు వేలు, శని, ఆదివారాల్లో ఎనిమిది వేల పర్యాటక వాహనాలనే అనుమతించారు. హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో కారులో ఊటీ వెళ్లదలచినవాళ్లు మేట్టుపాళయం చేరాక వెనక్కి తిరిగే పరిస్థితి తెచ్చుకోకుండా, పాస్ సంగతి ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరడం మంచిది.